డేగ గూటిలో బాటసారులు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని పెద్దలన్నారు. ఇమిడితే ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే విశాఖపట్నం విమానాశ్రయం కథ వినాలి. ఉన్నది ఒకటే పెద్ద రన్‌వే. ఆడపడుచు పెళ్ళికి సారె మూటలతో బయలుదేరిన సంసారులూ దానిమీదనే దిగారు. నడిసముద్రంలో జలాంతర్గాముల జాడ వెతికి వచ్చిన నౌకాదళం హెలికాప్టర్లూ దానిమీదనే వాలాయి. నాలుగు దశాబ్దాలకు పైగా ఈ రెండు కాపురాలూ ఒకే పెరట్లో సాగాయి. అప్పుడప్పుడు మాటా మాటా వచ్చినా, పొయ్యి మాత్రం ఎన్నడూ ఆరలేదు.

మనలో చాలామందిమి ఆ దారిన వెళ్ళినవారమే. అయినా టిక్కెట్టు, సామాను, పిల్లల అల్లరి – వీటి మధ్య మనం ఎవరి ఇంట్లో అడుగుపెట్టామో గమనించే తీరిక ఎవరికి ఉంటుంది? అందుకే ఈ నాలుగు మాటలు.

పేరులో ఉన్నది తెలుగు

ఆ ఇంటి యజమాని పేరు ఐ.ఎన్.ఎస్. డేగ. అవును, మన డేగే! కోడిపిల్లలను తన్నుకుపోతుందని పల్లెల్లో అమ్మమ్మలు ‘హుష్, హుష్’ అని తరిమే డేగ. పూర్వం రాజులు ముంజేతిమీద నిలుపుకొని వేటకు తీసుకుపోయిన డేగ. భారత నౌకాదళం తన విమాన స్థావరాలకు పక్షుల పేర్లు పెట్టుకోవడం ఒక ఆచారం. కొచ్చిలో ఉన్నది గరుడ, గోవాలో హంస, ముంబయిలో శిక్రా, పోర్ట్ బ్లెయిర్‌లో ఉత్క్రోశ్. తమిళనాడులోని అరక్కోణం స్థావరానికి రాజాళి అనీ, ఉచ్చిపుళి స్థావరానికి పరుందు అనీ అరవ పేర్లు పెట్టారు. ఆ వరసలోనే విశాఖకు వచ్చేసరికి తెలుగు డేగ పలికింది. 1991 అక్టోబరు 21న ఈ స్థావరం ఆ పేరుతో నౌకాదళంలో చేరింది.

నౌకాదళం భాషలో నేలమీద ఉన్న స్థావరం కూడా ఓడ కిందే లెక్క. ఐ.ఎన్.ఎస్. అనే మూడక్షరాలు అందుకే. అంటే విశాఖలో విమానమెక్కిన ప్రతి ప్రయాణికుడూ, కాలు తడవకుండా, ఒక యుద్ధనౌక మీదుగా నడిచి వెళ్ళాడన్నమాట!

కొండల నడుమ పళ్ళెం

ఎన్.ఏ.డి. కొత్త రోడ్డుకూ గాజువాకకూ నడుమ, జాతీయ రహదారి పక్కన ఈ విమానాశ్రయం ఉన్నది. ఉత్తరాన సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండలు, తూర్పున హార్బరు, దాని ఆవల సముద్రం. ఆ పల్లంలో పళ్ళెం పరిచినట్టు విమానాల మైదానం. సముద్రం మీదుగా వచ్చి దిగే విమానంలో కిటికీ పక్క చోటు దొరికినవారు అదృష్టవంతులు. డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని పాదాలను కడిగే అలలు, ఓడలు వచ్చిపోయే సన్నని కాలువ, క్రేన్ల గుంపు అన్నీ ఒకదాని తరువాత ఒకటి కళ్ళముందు నుంచి జారిపోతాయి. చూసింది చాలలేదని అనుకొనేలోపే చక్రాలు నేలను తాకుతాయి.

ఆ రన్‌వే కొనల మీద 10, 28 అని అంకెలు రాసి ఉంటాయి. మా అబ్బాయి అవి ఇంటి నంబర్లు అనుకొన్నాడు. అవి దిక్కులు. ఉత్తరం నుంచి లెక్కపెడితే వంద డిగ్రీల వైపు సాగే కొనకు 10, దానికి సరిగ్గా ఎదురుగా రెండువందల ఎనభై డిగ్రీల వైపు సాగే కొనకు 28. చివరి సున్న తీసివేస్తారు. ప్రపంచంలో ఏ విమానాశ్రయంలో చూసినా లెక్క ఇదే.

విశాఖకు ఆకాశం వైపు చూడడం నేర్పింది మాత్రం విమాన ప్రయాణం కాదు, భయం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు వచ్చి ఇక్కడా, కాకినాడలోనూ బాంబులు వేశాయి. అప్పటికి విశాఖ హార్బరు మొదలై పదేళ్ళు కూడా నిండలేదు. ఓడల నిర్మాణశాలకు శంకుస్థాపన జరిగి ఏడాదైనా కాలేదు. ఊరు ఊరంతా మూటాముల్లె కట్టుకొని పల్లెల దారి పట్టింది. ఆ రోజులు చూసిన తాతలు, అవ్వలు చెప్పిన కథలు ఉత్తరాంధ్ర ఇళ్ళల్లో ఇప్పటికీ వినిపిస్తాయి. కోస్తా పొడవునా కన్ను వేసి ఉంచే రెక్కలు కావాలని ఆ ఒక్క దినమే చెప్పింది. 1968లో తూర్పు నౌకాదళ కమాండు విశాఖ కేంద్రంగా ఏర్పడింది. 1971 డిసెంబరులో పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ ఈ రేవు ముంగిట్లోనే మునిగిపోయింది. ఇంత చరిత్ర ఉన్న రేవులో విమానాల మైదానం నౌకాదళం చేతిలో ఉండడంలో ఆశ్చర్యమేమున్నది?

రోజుకొక విమానం

పౌరుల విమానాలు ఇక్కడ 1981లో మొదలయ్యాయి. అప్పుడు రోజుకు ఒక్కటంటే ఒక్కటే విమానం. ఉక్కు కర్మాగారం వచ్చింది, ఊరు పెరిగింది, ప్రయాణికులూ పెరిగారు. కాని పాత రన్‌వే పొడవు 6,000 అడుగులే. పెద్ద విమానాలకు అది చాలదు. చివరికి 2007 జూన్ 15న 10,007 అడుగుల కొత్త రన్‌వే ప్రారంభమైంది. 2009 ఫిబ్రవరి 20న కొత్త టెర్మినల్ భవనానికి ప్రారంభోత్సవం జరిగింది. 2011లో సింగపూరుకు సిల్క్ ఎయిర్ విమానం నడవడంతో, విశాఖ వాసులు మద్రాసో హైదరాబాదో పోకుండానే సముద్రాలు దాటగలిగారు.

ఏర్పాటు మాత్రం అద్దె ఇంటి ఏర్పాటే. రన్‌వే నౌకాదళానిది. విమానాలు ఎగరడానికి, దిగడానికి అనుమతి చెప్పే టవరు నౌకాదళానిది. ప్రయాణికుల భవనం, దాని ముందు విమానాలు నిలిపే చప్టా – ఇవి విమానాశ్రయాల సంస్థవి. ఇలాంటి దానిని ‘సివిల్ ఎన్‌క్లేవ్’ అంటారు. పూణేలో వాయుసేనతోను, గోవాలోని డబోలిమ్‌లో నౌకాదళంతోను ఇదే పొత్తు. 2008 మార్చిలో శంషాబాదుకు మారేదాకా మన హైదరాబాదు బేగంపేటలో కూడా పౌర విమానాలూ వాయుసేన విమానాలూ పక్కపక్కనే మసలాయి.

ఒక ఆటో అబ్బాయి నాకు ఈ వ్యవహారమంతా రెండు ముక్కల్లో చెప్పాడు. గేటు దగ్గర తుపాకి పట్టుకొని నిలబడిన జవానును చూసి, “విమానాశ్రయానికి ఇంత కాపలా ఏమిటయ్యా?” అని అడిగాను.

“ఇది మనది కాదు బాబూ, నేవీ వోళ్ళది. మనం అద్దికున్నోళ్ళం,” అన్నాడు.

“మరి ఇంటాయన మంచివాడేనా?”

“మంచోడే బాబూ. కాని రాత్రి పొద్దుపోయి ఇంటికొస్తానంటే ఊరుకోడు. గేటు తియ్యాలంటే ముందుగా సెప్పాల.”

విమానయాన శాఖ వారు పది పేజీల్లో చెప్పేదానిని అతడు ఒక సిగ్నలు దగ్గర ఆగి చెప్పేశాడు. నౌకాదళానికి శిక్షణ వేళలుంటాయి. ఆ వేళల్లో కుర్ర పైలట్లు ఎగరడం, దిగడం మళ్ళీ మళ్ళీ సాధన చేస్తారు. పౌర విమానాలు తమకు కేటాయించిన వేళల్లోనే రావాలి, పోవాలి. ఏ విమాన సంస్థ అయినా కొత్త సర్వీసు వేయాలంటే ముందు ఆ వేళ దొరకాలి. రన్‌వే బాగుచేయాలన్నా యజమాని నిర్ణయమే. 2023 నవంబరులో రన్‌వేకు కొత్త పూత వేసే పని మొదలు కాగా, కొన్ని నెలలపాటు రాత్రి విమానాలు ఆగిపోయాయి. పొద్దున్నే హైదరాబాదు పోయి, పని చూసుకొని, రాత్రి భోజనానికి ఇల్లు చేరే వ్యాపారస్తులకు అది పెద్ద దెబ్బ. ‘ఊరికి సొంత విమానాశ్రయం కావాలి’ అన్న మాట ఇలాంటప్పుడే గట్టిగా వినిపించేది.

ఆగిన పావుగంట

2022 డిసెంబరులో మేము కుటుంబంతో విశాఖ వెళ్ళాము. ఆ నెల 4వ తేదీన రామకృష్ణా బీచిలో నేవీ డే విన్యాసాలు జరిగాయి. రాష్ట్రపతి ద్రౌపది ముర్ము విచ్చేశారు. జనం ఇసుక రేణువుల్లా ఉన్నారు. ఆ మధ్యాహ్నం మన తలల మీద ఉరిమిన విమానాలు ఎక్కడివో పిల్లలకు అప్పుడు తెలియలేదు. తిరుగు ప్రయాణంలో తెలిసింది.

మా విమానం తలుపులు మూసుకొన్నాయి, కదలలేదు. పావుగంట గడిచింది. పక్క సీట్లోని పెద్దావిడ శ్రీకాకుళం వైపు మనిషి, తొలిసారి విమానమెక్కుతున్నది. “ఇదేటి బాబూ, బస్సులాగ దీనికీ క్రాసింగుంటదా?” అని నన్నడిగింది. నేను జవాబు చెప్పేలోపే ఒక హెలికాప్టరు తక్కువ ఎత్తులో అడ్డంగా పోయింది. దాని వెనకనే మరొకటి.

“నాన్నా, అవి ముందెందుకు పోవాలి?” అన్నాడు మా అబ్బాయి.

“వాళ్ళ ఇల్లు గనక,” అన్నాను.

“కాదు బాబూ,” అన్నది ఆ పెద్దావిడ, “ఆళ్ళు మన పని మీదే ఎల్తన్నారు గాల.” ఆమె కుమారుడు చేపల వేటకు పోయే మరబోటులో పనిచేస్తాడట. ఒకసారి గాలివానలో బోటు చిక్కుకొన్నప్పుడు ఇలాంటి హెలికాప్టరే పైనుంచి తాడు దించిందట. ఆమె చేతులెత్తి కిటికీకేసి దణ్ణం పెట్టింది. ఆలస్యమైందని అంతవరకు సణుగుతున్న ముందు సీటు పెద్దమనిషి కూడా పత్రిక మడిచి బయటికి చూశాడు.

డేగ స్థావరం నుంచి ఎగిరేవాటిలో రకాలెన్నో ఉన్నాయి. తీరం వెంట కాపలా తిరిగే డోర్నియర్ విమానాలు, జలాంతర్గాములను వెతికే కమోవ్ హెలికాప్టర్లు, చిన్న చేతక్‌లు. 2022 జూలై 4న మన దేశంలోనే తయారైన ధ్రువ జాతి తేలికపాటి హెలికాప్టర్ల దళం ఒకటి ఇక్కడ కొలువు తీరింది. దాని పేరు కెస్ట్రెల్స్. అది కూడా డేగ జాతి పిట్టే.

అసలు పక్షుల పేచీ

పక్షి పేరు పెట్టుకొన్న ఈ చోటికి పక్షులతోనే పేచీ. గద్ద ఒక్కటి విమానం ఇంజనులోకి పోయిందంటే కోట్ల నష్టం సరే, ప్రాణాలకే ముప్పు. గద్దలు రన్‌వేను చూసి రావు, తిండిని చూసి వస్తాయి. చుట్టుపక్కల కాలనీల వారు రోడ్డు మీద పారబోసే చెత్త, మాంసం దుకాణాల వారు విసిరే వ్యర్థాలు, తూములలో కుళ్ళే ఎంగిలి – ఇవే వాటికి ఆహ్వాన పత్రికలు. విమానాశ్రయం వారు లోపల ఎన్ని బాణసంచా కాల్చి బెదిరించినా, గోడ బయట విందు సాగుతుంటే అతిథులు పోతారా? విమానం క్షేమంగా దిగడం పైలటు చేతిలో ఎంత ఉన్నదో, వంటింటి చెత్త సరిగా పారవేసే గృహిణి చేతిలోనూ అంత ఉన్నది. ఈ మాట ఏ విమానాశ్రయం దగ్గర కాపురమున్నవారికైనా వర్తిస్తుంది.

రెండు పక్షుల పోరు

2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ రోజు విశాఖను కొట్టిన తుఫాను పేరు హుద్‌హుద్. చిత్రమేమంటే అదీ ఒక పక్షి పేరే. తలమీద విసనకర్రలాంటి కిరీటం ఉండే అందాల పిట్ట. పేరు అందం, పని ఘోరం. గంటకు నూట డెబ్బై, నూట ఎనభై కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. ఊళ్ళో చెట్టన్నది మిగలలేదు. ప్రారంభించి ఆరేళ్ళయినా కాని టెర్మినల్ భవనం లోకప్పు ఊడి వేలాడింది, అద్దాలు రాలిపోయాయి, కొండల మీదినుంచి గెడ్డలు తెచ్చిన నీరు మైదానంలో నిలిచింది. సామాను తిరిగే పట్టాల మీద గాజు ముక్కలు తిరిగాయి.

ఒరలో రెండు కత్తులు ఉండడంలోని లాభం ఆ వారంలో తెలిసింది. ప్రయాణికుల భవనం పాడైనా, యజమాని ఇంటిలో పనివాళ్ళు ఉన్నారు. చెట్లు కొట్టి దారి చేసేవారు, రన్‌వేను ఊడ్చి శుభ్రం చేసేవారు, ఆజ్ఞ కోసం ఎదురు చూడనవసరం లేనివారు. 14వ తేదీకే ప్రధానమంత్రి ఇక్కడ దిగి పరిస్థితి చూశారు. సహాయ సామగ్రితో విమానాలు వచ్చాయి. 17వ తేదీ నుంచి పౌర విమానాలు మళ్ళీ మొదలయ్యాయి. కరెంటు లేక, నీళ్ళు లేక, పిల్లల పాలకోసం వరసల్లో నిలబడ్డ ఊరికి, తలమీద విమానం చప్పుడు వినబడడమే ఒక ధైర్యం. ‘బయటి లోకం మనను మరిచిపోలేదు’ అని ఆ చప్పుడు చెప్పింది.

కూడలిలో కన్నీరు

విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి వచ్చేవారు ఎన్.ఏ.డి. కూడలి దాటవలసిందే. ఆ మూడక్షరాలకు అర్థం నౌకాదళ ఆయుధాగారం. రోజూ ఆ పేరు పలికే ఎంతోమందికి ఆ సంగతి పట్టదు. 2016 జూలై 22న మద్రాసు దగ్గరి తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరిన వాయుసేన ఏఎన్-32 విమానం బంగాళాఖాతం మీద కనబడకుండా పోయింది. అందులో ఉన్నవారు 29 మంది. వారిలో ఎనిమిదిమంది ఈ ఆయుధాగారంలో పనిచేసే మామూలు ఉద్యోగులు. యూనిఫారం లేనివారు, పని మీద అండమాను వెళ్ళి రావలసినవారు.

వారాలు వెతికారు. ఓడలు, విమానాలు, జలాంతర్గామి కూడా వెతికింది. దొరకలేదు. ఏడున్నర ఏళ్ళ తరువాత, 2024 జనవరిలో, మద్రాసు తీరానికి దాదాపు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున ఆ విమానం శకలాలు ఉన్నట్టు సముద్రగర్భ యంత్రం తీసిన ఫొటోల వల్ల తెలిసింది. అన్నాళ్ళూ ఆ ఇళ్ళల్లో ఎదురు చూసిన తల్లులూ భార్యలూ ఎన్ని రాత్రులు ఎన్ని చప్పుళ్ళకు ఉలిక్కిపడి లేచారో! సైన్యానిదొక లోకం, మనదొక లోకం అని మనం అనుకొంటాము గాని, ఆ రెంటి మధ్య గోడ మనమనుకొన్నంత మందం కాదు. మన వీధిలో క్యారియరు పట్టుకొని డ్యూటీకి పోయే పక్కింటి బాబాయి ఏ లోకం మనిషి?

ముసలి పక్షి చివరి మజిలీ

విశాఖ వెళ్ళినవారు బీచి రోడ్డులో కురుసుర జలాంతర్గామికి ఎదురుగా నిలిపిన పెద్ద విమానాన్ని చూడకుండా రాకూడదు. అది టియు-142. రష్యాలో పుట్టింది, 1988 నుంచి 29 ఏళ్ళపాటు మన నౌకాదళానికి సముద్రాలు కాపలా కాసింది. దాని దళం పేరు ఆల్బట్రాస్, మళ్ళీ పక్షే! 2017 మార్చిలో అరక్కోణంలో దానికి పదవీ విరమణ. ఏప్రిల్ 8న అది తన రెక్కల మీదనే వచ్చి డేగలో చివరిసారి దిగింది. అక్కడినుంచి దాదాపు 50 మీటర్ల రెక్కల ఆ మహాకాయాన్ని విప్పి, భాగాలుగా రోడ్డుమీద మోసుకుపోయి, బీచిలో మళ్ళీ బిగించారు. డిసెంబరు 7న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రదర్శనశాలను ప్రారంభించారు. ఇప్పుడు బడిపిల్లలు దాని పొట్టలోకి ఎక్కి దిగుతున్నారు. తాత ఒడిలో మనుమల్లా!

వేరు కాపురం

అన్నదమ్ములు ఎంత సఖ్యంగా ఉన్నా, పిల్లలు పెరిగితే ఇల్లు చాలదు. పౌర విమానాలకు వేరింటి ప్రయత్నం విజయనగరం జిల్లా భోగాపురంలో జరిగింది. 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే 3న మరొకసారి శంకుస్థాపన అయింది. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. 2026 జనవరి 4న తొలి పరీక్షా విమానం అక్కడ దిగింది. విశాఖ నడిబొడ్డు నుంచి నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరం. వేళల బాధ ఉండదు. రాత్రి, పగలు ఎప్పుడైనా రావచ్చు, పోవచ్చు. కాని ఆ వేరింటి పునాదుల కింద నాలుగు పల్లెలవారి పెరళ్ళున్నాయి. కొబ్బరిచెట్లను, తాతలు కట్టిన ఇళ్ళను వదిలి వారు కొత్త కాలనీలకు పోయారు. ఆ సంగతి కూడా మన ప్రయాణం ఖర్చులోనే రాసుకోవాలి. టిక్కెట్టు మీద అచ్చు వేయని ఖర్చది.

గోవాలో ఇలాగే 2023 జనవరిలో మోపాలో కొత్త విమానాశ్రయం వచ్చింది. అక్కడి పాత డబోలిమ్ మాత్రం మూతపడలేదు, రెండూ నడిచాయి. విశాఖ వాసుల్లో కొందరికి పాతదానిమీదనే మమకారం. ఎందుకుండదు? అరగంటలో ఇల్లు చేరే సుఖం అది. గల్ఫుకు పోయిన కొడుకును సాగనంపి, రోడ్డుమీద నిలబడి, విమానం కొండ దాటేదాకా చూడగలిగిన చోటు అది.

పౌర విమానాలు ఉన్నా, పోయినా డేగ మాత్రం ఆ గూటిని వదలదు. ఈసారి విశాఖ వెళ్ళినప్పుడు, రైల్లో వెళ్ళినా సరే, సాయంకాలం బీచిలో మరమరాలు తింటూ ఒక్కసారి తల ఎత్తి చూడండి. తీరం వెంట ఉత్తరంగా ఒక చిన్న విమానం తాపీగా పోతూ కనబడవచ్చు. అందులోని కుర్రవాడి కన్ను మీ మీద ఉండదు. దూరాన నీటి మీద ఉంటుంది. ఆ నీటి మీద శ్రీకాకుళం పెద్దావిడ కుమారుడి బోటూ ఉంటుంది.